పిల్లలకు నచ్చే రచయితను వెతికి పట్టుకోవడం, నచ్చిన కథను రంగస్థలం మీద చూపించడం: విశాఖ తల్లిదండ్రులకు

ఒకే పుస్తకాన్ని పిల్లలు మళ్ళీ మళ్ళీ చదివించుకుంటూ ఉంటే వాళ్ళకు ఆ కథ నచ్చిందని అనుకుని ఊరుకుంటాం. నిజానికి చాలాసార్లు వాళ్ళకు నచ్చేది ఆ కథ చెప్పిన మనిషి తీరు. ఆ మనిషి పేరు తెలిస్తే రెండో పుస్తకాన్ని పిల్లలే అడుగుతారు. తెలియకపోతే ప్రతిసారీ పెద్దవాళ్ళే అంగట్లో నిలబడి అట్టలు చూసి ఎంచుకోవలసి వస్తుంది. నచ్చిన కథ రంగస్థలం మీద కనిపించినప్పుడు ఈ పరిచయం మరింత గట్టిపడుతుంది, ఎందుకంటే తాను చదివిన మాటలను మరొకరు ఎలా అర్థం చేసుకున్నారో పిల్లలు అప్పుడే మొదటిసారి చూస్తారు. విశాఖపట్నంలో ఉంటూ ఈ రెండు పనులనూ ఎలా చేసుకోవచ్చో క్రమంగా చెబుతాను.

ముందు కొన్నాళ్ళు గమనించండి

కొత్త పుస్తకాలు కొనడానికి ముందు, ఇంట్లో ఉన్నవాటినే రాత్రి పడుకునే వేళ పైకి చదివి వినిపించండి. చదువుతున్నప్పుడు మీ చూపు పుస్తకం మీదే కాకుండా పిల్లల ముఖం మీద కూడా ఉండాలి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ మిమ్మల్ని ఆపారు, ఏ మాటను మర్నాడు తమంతట తాము వాడారు అన్నవి గుర్తుంచుకోండి. "నచ్చిందా?" అని అడిగితే "ఊ" అనే జవాబు తప్ప మరేమీ రాదు, "ఏ చోటు మళ్ళీ చదవమంటావు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కొందరు పిల్లలు మాటల విరుపుకు నవ్వుతారు, కొందరికి తరువాత ఏమవుతుందోనన్న ఆత్రుత ముఖ్యం, కొందరు బొమ్మలో మూలగా కూర్చున్న పిల్లిని పట్టుకుని పేజీ తిప్పనివ్వరు. ఏ వయసు వారికి ఏ పుస్తకం అని అట్ట వెనక రాసే లెక్క కన్నా ఈ గమనింపే రచయితను ఎంచుకోవడానికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

పేర్లు పైకి చదవండి

ఇది చాలా చిన్న పని, కానీ దీన్ని ఒక్క రోజు కూడా మానకూడదు. పుస్తకం తెరిచే ముందు దాని పేరు, రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు, అనువాదమైతే అనువదించినవారి పేరు పైకి చదవండి. కొన్ని వారాలు గడిచేసరికి పిల్లలే "ఇది కూడా ఆయనే రాశాడా?" అని అడగడం మొదలుపెడతారు, ఆ ప్రశ్న వచ్చిందంటే మీ పని సగం అయినట్టే.

పేరు లేకుండా కూడా ఒక రచయిత మనసులో నిలిచిపోగలడనడానికి చందమామ పత్రికే సాక్ష్యం. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980లో తాను కన్నుమూసేవరకూ కొడవటిగంటి కుటుంబరావు గారు నడిపించారు, అందులోని ఎన్నో కథలను తన పేరు లేకుండానే రాశారు, తిరగరాశారు. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య ('వపా') గారి బొమ్మలూ అంతే. అడుగున ఉన్న సంతకం చూడకుండానే ఇది వపా గారిదని చెప్పగలిగేవాళ్ళు నేటికీ మన ఇళ్ళలో ఉన్నారు. మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో దాచుకున్న పాత సంచికలు ఉంటే బయటకు తీయించి, ఎవరి బొమ్మ ఏదో పిల్లల చేత పోల్చించండి. బొమ్మ గీసే తీరును గుర్తుపట్టడం అలవాటైన పిల్లలకు రాసే తీరును గుర్తుపట్టడం కష్టం కాదు.

ఎక్కడ వెతకాలి

ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంతో మొదలుపెట్టండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళి, అలమారా ముందు వాళ్ళనే నిలబెట్టి, వాళ్ళు తీసిన పుస్తకాన్ని వద్దనకుండా మొదటి రెండు పేజీలు అక్కడే కూర్చుని చదవనివ్వండి. రెండు పేజీల తరువాత పక్కన పెట్టేస్తే ఏమీ అనకండి. గ్రంథాలయంలో పుస్తకం నచ్చకపోతే నష్టం లేదు, అందుకే కొనడానికి ముందు అక్కడికి వెళ్ళమంటున్నాను. కొనడానికి విశాలాంధ్ర, ప్రజాశక్తి వంటి తెలుగు పుస్తక సంస్థల దుకాణాలూ, పుస్తక ప్రదర్శనలు జరిగే రోజులూ అనువుగా ఉంటాయి. అక్కడ నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలనూ మంచి పుస్తకం వారి ప్రచురణలనూ ప్రత్యేకంగా అడిగి చూడండి, ఇవి ధర తక్కువ, బొమ్మలు శ్రద్ధగా ఉంటాయి. 1981లో జపాన్‌లో వెలువడిన తోత్తో-చాన్ తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. చిన్న చిన్న అధ్యాయాలు కాబట్టి రోజుకొకటి చొప్పున పైకి చదవడానికి ఇంతకన్నా అనువైన పుస్తకం తొందరగా దొరకదు.

ఇంటి నుంచే వెతకాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బొమ్మలతో సహా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. కొత్తపల్లి పిల్లల పత్రికలో పిల్లలు రాసిన కథలు కూడా ఉంటాయి, ఇది ముఖ్యమైన విషయం, ఎందుకంటే తన వయసు వాళ్ళు రాసింది చదివిన పిల్లలకు రచయిత అంటే ఎక్కడో దూరాన ఉండే పెద్దమనిషి అన్న బెరుకు పోతుంది.

ఏ పేరుతో వెతకాలో తోచకపోతే కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారాల జాబితాను దగ్గర పెట్టుకోండి. తెలుగులో మొదటి ఏడాది కలువకొలను సదానంద గారికి 'అడవి తల్లి' నవలకు వచ్చింది. 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారికి, 2019లో బెలగాం భీమేశ్వరరావు గారికి వచ్చింది; ఇద్దరూ పార్వతీపురం వారే. వరుసగా రెండేళ్ళు ఉత్తరాంధ్రలోని ఒకే చిన్న పట్టణానికి ఆ పురస్కారం వచ్చిందన్న సంగతి మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. అయితే పురస్కారం వచ్చినంత మాత్రాన మీ పిల్లలకు నచ్చి తీరాలని ఏమీ లేదు. ఎవరివైనా మూడు కథలు చదివి వినిపించిన తరువాతే ఆ రచయిత నచ్చారో లేదో తేల్చుకోండి, ఒక్క కథతో తీర్పు చెప్పవద్దు.

ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు రోఆల్డ్ డాల్ వంటి వారిని బడి గ్రంథాలయంలోనే కలుసుకుని ఉంటారు. వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. డాల్ రాసిన 'మటిల్డా' నవల 1988లో వచ్చింది, దాన్ని రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 2010లో సంగీత నాటకంగా వేసింది, ఆ నాటకం ఆధారంగా 2022లో సినిమా తీశారు. పుస్తకం చదివి, ఆ సినిమాను ఇంట్లోనే చూసి, ఎక్కడ పాట వచ్చింది, ఆ పాట పుస్తకంలోని ఏ పేజీకి బదులుగా వచ్చింది అని పిల్లలతో వెతికించడం మంచి అభ్యాసం. కానీ కెమెరా చూపించినదాన్ని చూడటం వేరు, ఎదుట మనిషి నిలబడి మాట్లాడుతుంటే చూడటం వేరు, కాబట్టి అక్కడితో ఆగిపోకండి.

నగరంలో నాటకం చూడటం

సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం, అక్కడే ఉన్న చిల్డ్రన్స్ ఎరీనా, పిఠాపురం కాలనీలోని కళాభారతి మనకు ముఖ్యమైన వేదికలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. విద్యార్థుల ప్రదర్శనలు ఎప్పుడు ఉంటాయో, బయటివారిని రానిస్తారో లేదో అక్కడే అడిగి తెలుసుకోండి. దినపత్రికల విశాఖ పేజీల్లో ఆ రోజు కార్యక్రమాల వివరాలు చిన్న అక్షరాల్లో పడుతుంటాయి, ఉదయం కాఫీ తాగుతూ వాటి మీద ఒక చూపు వేయడం అలవాటు చేసుకుంటే చాలా తెలుస్తాయి. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకు ప్రత్యేక విభాగం ఉంటుంది, ఆ పోటీలకు తయారయ్యే బృందాల ప్రదర్శనలు కూడా చూడదగ్గవి.

పిల్లల పుస్తకం నుంచి నేరుగా తీసిన నాటకం తెలుగులో తరచుగా దొరకదు. దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చోకుండా, పిల్లలు చదివిన కథకు దగ్గరగా ఉన్నదేది వచ్చినా తీసుకువెళ్ళండి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలై ఆ పేరుతోనే పిలవబడుతున్న సురభి వారి నాటకం ఎప్పుడైనా ఊళ్ళోకి వస్తే వదులుకోవద్దు. వారి 'మాయాబజార్' చూడబోయే ముందు శశిరేఖా పరిణయం కథను పిల్లలకు చెప్పి, ఘటోత్కచుడు వ్యాసభారతంలో ఉన్నా ఈ పెళ్ళి కథ మాత్రం అందులో లేదనీ తరువాతి వాళ్ళు అల్లుకున్నదనీ కూడా చెప్పండి. ఒక కథను పట్టుకుని ఇంకొకరు ఇంకొంత అల్లవచ్చునన్న ఊహ అక్కడి నుంచే పిల్లల్లో మొదలవుతుంది.

వెళ్ళే ముందు పుస్తకమో కథో ఒకసారి పూర్తి చేయండి, కానీ నాటకంలో ఏముంటుందో ముందుగా ఊహించి చెప్పవద్దు. అరగంట ముందే చేరుకుని, నడవా పక్క కుర్చీలు ఎంచుకోండి. ఒక్కసారిగా దీపాలు ఆరిపోతే చిన్న పిల్లలు బెదరడం మామూలే, అప్పుడు కాసేపు బయటకు తీసుకువెళ్ళి తిరిగి రావచ్చు. ఇంటికి వచ్చే దారిలో ఏమీ అడగవద్దు. మర్నాడు పుస్తకం ఒడిలో పెట్టుకుని అడగండి: పుస్తకంలో ఉండి నాటకంలో లేనిదేమిటి, నాటకంలో కొత్తగా వచ్చినదేమిటి, నువ్వు అనుకున్నట్టు లేనిది ఎవరు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు ఎంతో బాగుంటాయి. "రాక్షసుడు ఇంకా లావుగా ఉంటాడనుకున్నాను" అన్న పిల్లవాడు ఆ లావును ఏ వాక్యం చదివి ఊహించుకున్నాడో వెతకమనండి. వాడు పుస్తకం తిరగేసి ఆ వాక్యాన్ని చూపిస్తాడు, లేదా అటువంటి వాక్యమే అక్కడ లేదని తెలిసి ఆశ్చర్యపోతాడు.

మీరే వేయాలనుకుంటే

అపార్ట్‌మెంటులో ఏడెనిమిది మంది పిల్లలు ఉంటే చాలు. కథను ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. మనసులో జరిగే కథ కన్నా కంటికి కనిపించే పని ఉన్న కథ మేలు. చోట్లు రెండు మూడుకు మించకూడదు. మాట్లాడని పిల్లలకు కూడా చేయడానికి ఏదో ఒక పని ఉండాలి, అది చెట్టుగా నిలబడటం అయితే ఏ పిల్లలూ సంతోషించరు.

పంచతంత్రంలోని తాబేలు కథను తీసుకుందాం. కంబుగ్రీవుడనే తాబేలు, సంకటుడు, వికటుడు అనే రెండు హంసలు. చెరువు ఎండిపోతుంది, హంసలు ఒక కర్రను చెరొక కొసా పట్టుకుంటాయి, తాబేలు దాన్ని నడుమ కరచి పట్టుకుని ఎగురుతుంది, కింద జనం అనే మాటలకు నోరు తెరిచి పడిపోతుంది. పుస్తకంలో ఇది ఒకటి రెండు పేజీలకు మించదు. ఇందులో నాటకానికి చిక్కు ఎక్కడుందో ముందు పిల్లలనే అడగండి, ఎగరడం ఎలా చూపించాలి అన్నది వాళ్ళే చెబుతారు. సులువైన మార్గం ఇది: హంసలుగా వేసే ఇద్దరు పిల్లలు తక్కువ ఎత్తు బల్లల మీద నిలబడి వెదురు కర్రను భుజాల ఎత్తున పట్టుకుంటారు, తాబేలు పాప వాళ్ళ నడుమ మరో బల్ల మీద నిలబడి కర్రను రెండు చేతులతో గడ్డం కింద పట్టుకుంటుంది, ముందు నుంచి ఇద్దరు పిల్లలు ఒక నీలం చీరను బల్లలను కప్పేలా పట్టుకుని మెల్లగా కదుపుతారు. కదులుతున్నది చీరే అయినా చూసేవారికి హంసలే ఎగురుతున్నట్టు ఉంటుంది. కర్రను నిజంగా నోటితో పట్టుకోనివ్వవద్దు. పడిపోయే చోట చీరను ఒక్కసారి పైకెత్తి దించాలి. ఆ చాటున తాబేలు పాపను ఒక పెద్దవారు చేయి పట్టుకుని దింపాలి.

ఇక కింద జనం. వాళ్ళను రంగస్థలం మీద కాకుండా ప్రేక్షకుల మధ్యలో కూర్చోబెట్టండి. పుస్తకంలో "జనులు కోలాహలము చేసిరి" అన్నట్టు ఒక్క వాక్యంతో పోయేదాన్ని ఇక్కడ విడివిడి మాటలుగా విడదీయాలి, ఆ మాటలు మన వీధిలో వినబడే మాటలై ఉండాలి. "ఓలమ్మో, అదేటే? తాబేలు ఎగురుతంది సూడే!" అని ఒక పాప లేచి అరుస్తుంది, "తాబేలు కాదొరే, మూట" అని ఇంకొకడు, "మూటకి కాళ్ళుంటాయేటి?" అని మూడోవాడు. హంసలు గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడితే, జనం ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడితే, పైన ఒక లోకం కింద ఒక లోకం ఉన్నట్టు ఏ తెరా లేకుండానే తెలుస్తుంది. ఆ యాసను వెక్కిరింపుగా పలికించకూడదు, అది మన పిల్లల ఇళ్ళలోని భాష.

సంభాషణలు కాగితం మీద పెట్టే ముందు ఒకసారి రేడియో నాటికగా చేసి ఫోనులో రికార్డు చేయడం మంచిది. రేడియో అన్నయ్యగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు ఎన్నో ఏళ్ళు పిల్లల చేత చేయించినది ఇటువంటి పనే. 1945లో వారు మొదలుపెట్టిన 'బాల' పత్రికా పిల్లల కోసమే. గొంతుతో మాత్రమే కథ నడపవలసి వచ్చినప్పుడు ఏ మాట అనవసరమో పిల్లలకు తెలిసిపోతుంది. చాటలో గుప్పెడు కందిపప్పు పోసి అటూ ఇటూ నిదానంగా ఒరిగిస్తే నీటి చప్పుడు వస్తుంది, పాత గొడుగును టపటపా మూసి తెరిస్తే రెక్కల చప్పుడు వస్తుంది. వీటినే తరువాత ప్రదర్శనలోనూ వాడుకోవచ్చు.

రిహార్సలు రోజుకు నలభై నిమిషాలు మించనివ్వకండి. మొదటి రోజుల్లో కాగితం చూసి చదవనివ్వండి, మాటలు నోటికి రాకముందే నడకలు నేర్పితే రెండూ పోతాయి. ప్రధాన పాత్రను ఒక్కరికే ఇవ్వకుండా ఇద్దరికి నేర్పండి, జ్వరాలూ పరీక్షలూ చెప్పి రావు. చోటు విషయంలో మన ఊళ్ళో ఒక జాగ్రత్త అవసరం: సాయంత్రం సముద్రపు గాలికి డాబా మీద తెరలు నిలవవు, పిల్లల గొంతులు మూడో వరుస దాకా కూడా వినబడవు. సెల్లారు గానీ కమ్యూనిటీ హాలు గానీ మేలు. మైకులు పిల్లల చేతికి ఇవ్వకండి, యాభై మంది ప్రేక్షకులకు నేర్పిన గొంతు సరిపోతుంది.

అనుమతి

పంచతంత్రానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, కానీ ఈ మధ్యనే ఎవరో తిరగరాసిన పుస్తకంలోని వాక్యాలను ఉన్నవున్నట్టు వాడితే ఆ వాక్యాలు వారివే. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్ళ వరకూ హక్కులు ఉంటాయి, కథను నాటకంగా మార్చే హక్కు కూడా వాటిలో ఒకటి. 1915లో పోయిన గురజాడ వారి రచనలు, 1946లో పోయిన చిలకమర్తి వారి రచనలు ఇప్పుడు అందరివీ. కుటుంబరావు గారి పేరున ఉన్న రచనలకు 2040 చివరి వరకూ, 2011లో పోయిన ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు'కు 2071 చివరి వరకూ హక్కులు ఉంటాయి. బుడుగు మాటలు ఒక్క పిల్లవాడు నిలబడి చెప్పినా నాటకమే అవుతాయి కాబట్టి చాలామందికి ఆశ పుడుతుంది. హక్కుదారులను అడిగి వేయండి. అనువాద కథలకు మూల రచయితతో పాటు అనువాదకులకు కూడా వేరుగా హక్కు ఉంటుందన్నది మరిచిపోవద్దు.

బడిలో విద్యార్థులు, ఉపాధ్యాయులు వేసి, తల్లిదండ్రులూ బడివారూ మాత్రమే చూసే ప్రదర్శనకూ, టికెట్టు లేకుండా ఔత్సాహిక సంఘం వేసే ప్రదర్శనకూ చట్టంలోని 52వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తుంది. అయినా కథను నాటకంగా మార్చడం వేరే హక్కు కాబట్టి, జీవించి ఉన్న రచయితనైతే ఒక ఉత్తరంతో అడగడమే మర్యాద. స్టోరీవీవర్‌లోని కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. కథ పేరు, రచయిత, చిత్రకారుడు, అనువాదకుడు, ప్రచురణకర్త, లైసెన్సు వివరాలు పేర్కొని, మీరు మార్పులు చేశారని తెలిపితే నాటకంగా మలచుకోవచ్చు. మొదటిసారి వేసేవారికి ఇదే సులువైన దారి.

రచయితకు ఉత్తరం

అనుమతి అడిగే ఉత్తరాన్ని పెద్దవాళ్ళు రాయాలి, దానితో పాటు పిల్లల ఉత్తరం ఇంకొకటి జతచేయాలి. ప్రచురణకర్త చిరునామాకు పంపితే రచయితకు చేరవేస్తారు. పిల్లల ఉత్తరంలో పొగడ్తలు అక్కరలేదు; ఏ పాత్రను ఎవరు వేస్తున్నారు, ఏ వాక్యం పలకడం కష్టంగా ఉంది, ఎక్కడ కథను కొంచెం మార్చవలసి వచ్చింది అన్నవి ఉంటే చాలు. రాసినవారికి తన వాక్యం పలకడానికి బరువైందని ఒక పదేళ్ళ పాప చెప్పడం కన్నా విలువైన విమర్శ లేదు. అక్షరదోషాలు దిద్దకండి, మీ చేతిరాతతో ఎత్తి రాయకండి.

ప్రదర్శనకు కనీసం నెల రోజుల ముందు ఉత్తరం పోస్టు చేయండి, తేదీ, వేళ, చోటు స్పష్టంగా రాయండి, పార్వతీపురం వంటి దగ్గరి ఊళ్ళో ఉన్న రచయిత అయితే రావడానికి వీలవుతుందేమో అడగండి, వస్తే దారి ఖర్చులు మీరే పెట్టుకోండి. ఆహ్వాన పత్రికలో పిల్లల పేర్ల కన్నా పైన రచయిత పేరు ఉండాలి, నాటకం మొదలయ్యే ముందు ఒక పిల్లవాడు ముందుకు వచ్చి ఆ పేరును పైకి చదవాలి, ఆ తరువాతే తెర తీయాలి. అయిపోయాక ఫోటోలు రెండు, నాటక ప్రతి ఒకటి రచయితకు పంపండి, ఇంకొక ప్రతిని ఆ పుస్తకంలోనే మడిచి పెట్టి ఉంచండి.